తన్ని చూసే మామ

మా పెద్దమామ ఏ పాత వస్తువునైనా తన్ని చూడందే కొనేవాడు కాదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళు చేవెళ్ల చుట్టూ ఫామ్‌హౌసులు కట్టుకుంటున్న రోజులవి. వాళ్ళలో ఎవరో వద్దనుకున్న కట్టెలతో మండే ఇనుప పొయ్యి మొయినాబాద్‌లో పాత సామాన్ల దుకాణానికి వచ్చింది. చలికి వణికే అమ్మమ్మ గదిలో పెడదామని వెళ్ళి, చెప్పుకాలితో ఒక్క తన్ను తన్నాడు. ఖంగుమంది.

"పగిలిన ఇనుము మోగదు. గిది గట్టిదే," అన్నాడు.

పొగగొట్టం కోసం గోడకు కన్నం కొట్టాడు. ఆ గోడ అవతలే చిన్నమామ వాకిలి. భూమి అమ్మినప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. పొయ్యి వెలిగించిన పూటే పొగంతా అటు కమ్మింది. చిన్నమామ గడ్డపారతో వచ్చి గొట్టం విరగ్గొట్టాడు, పొయ్యి మీదా ఒక పోటు పొడిచాడు. మామ మండుతున్న కట్టె లాగి తమ్ముడి భుజం మీద బాదాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. చిన్నమామ కూలబడ్డాడు.

మామ ముందు పొయ్యినే చూశాడు. తన్నాడు. మోగలేదు.

"నన్ను గూడ తన్ని చూడు అన్నా," అన్నాడు తమ్ముడు కింద నుంచే. "మోగుతనో లేదో తెలుస్తది."

మామ కాలు లేవలేదు.