దానం బాబాయి కొట్టిన కామా

నా ప్రోగ్రాంలో తప్పుండదని దిండి నుంచి మలికిపురం దాకా ఎవర్నడిగినా చెబుతారు. వాళ్ళకి చెప్పింది నేనే మరి. ఇంజనీరింగు కాలేజీ నన్ను రెండో ఏటే పోగొట్టుకుంది, రొయ్యల చెరువులు బాగుపడ్డాయి.

దానం బాబాయి పాతికేళ్ళుగా ఆ చెరువుల మీద నీళ్ళు చూసే మనిషి. గట్టు మీద కూర్చుని చెయ్యి ముంచితే రొయ్యలు వరసకట్టి ఒంట్లో నలతలు చెప్పుకునేవి. ఇందులో సగం నా కల్పన. మిగతా సగం నిజం: వాసన పట్టి ఆక్సిజన్ తగ్గిందని ఆయనంటే, తరవాత మీటరూ అదే అనేది.

ఆసామి ధనరాజు గారికి వాసన మీద నమ్మకం లేదు. నా చేత ఫోన్లో ప్రోగ్రాం రాయించేరు. బాబాయి మీటరు చూసి అంకె కొట్టాలి. ఆక్సిజన్ నాలుగు కంటే తగ్గితే తెర ఎర్రబడుతుంది. అప్పుడే నీళ్ళు చిలికే ఫ్యాన్లు వెయ్యాలి. సొంత తెలివి వాడకూడదు.

పోయిన వేసవిలో పాత మీటరు పాడైతే విదేశీది వచ్చింది. ఆ దేశంలో పాయింటు బదులు కామా పెడతారట. మొదటి ఉదయం '2,8' చూపించింది. బాబాయి ఉన్నదున్నట్టు '2,8' కొట్టేడు. మనకి కామా అంటే లక్షలకీ వేలకీ పెట్టేది కదా. కనబడితే తీసిపారెయ్యమని ప్రోగ్రాంలో నేనే ఓ వరస రాసేను, అది చూసుకుని మురిసిపోయేను కూడా. అంకె ఇరవై ఎనిమిదై కూర్చుంది. తెర పచ్చగా వెలిగింది.

బాబాయి ఆసామికి ఫోన్ చేసేడు. "నీళ్ళు బాగోలేవండీ. ఫ్యాన్లు వేసెయ్యమంటారా అండీ?"

"నా ఫోన్లో పచ్చగానే ఉందిగా దానం! కంప్యూటరు గొప్పదా, నీ ముక్కు గొప్పదా?"

"ఆయ్, కంప్యూటరేనండి."

పొద్దెక్కేసరికి ఆ చెరువులో రొయ్యంతా చచ్చిపోయింది.

"ఇరవై ఎనిమిదని ఎలా కొట్టేవయ్యా?" గట్టు మీద అందరి ముందూ విరుచుకుపడ్డారు ధనరాజు గారు.

"మధ్యలో కామా పెట్టేనండి."

"లక్షలు లెక్కెడుతున్నావేంటి, కామా పెట్టడానికి!"

అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. బాబాయిని పనిలోంచి తీసేసేరు.

ఇంటికొచ్చి చూస్తే తప్పు నా వరసదే. పది నిమిషాల్లో సరిచేసేను, పాత అంకెతో సహా. 28 కాస్తా 2.8 అయింది. బాబాయి మాట నిలబెట్టేనని రొమ్ము విరుచుకుని వెళ్ళి ఆసామికి చూపించేను. అంకె మారితే రంగూ మారుతుందన్నది నాకు తట్టలేదు. ఆ ఉదయం అంకెకి ఎదురుగా ఇప్పుడు ఎరుపు వెలుగుతోంది.

"అంటే ఎర్రగా కనబడుతున్నా ఫ్యాన్లు వెయ్యలేదన్నమాట!"

"మీరే వద్దన్నారు కదండీ, పచ్చగా ఉందని..." అని నసిగేను.

"ఎక్కడుంది పచ్చ? చూపించు."

ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో చెరువుల వాళ్ళందరికీ పంపేరు. ఆ తరవాత బాబాయిని ఎవరూ గట్టెక్కనివ్వలేదు.

ఒకరోజు మా ఇంటికొచ్చేడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సుధీరూ, ఆ పొద్దున నేను కొట్టింది కొట్టినట్టు కాగితం మీద తీసివ్వరా. కామాతో. అదొక్కటీ చూపించుకుంటాను."

"ప్రోగ్రాం అంకె మాత్రమే దాస్తుంది బాబాయ్. నువ్వు కొట్టింది ఎక్కడా లేదు."

"పోనీ, నోటితో చెప్పరా."

ధనరాజు గారి మిగతా పదకొండు చెరువులూ నా ప్రోగ్రాం మీదే నడుస్తున్నాయి.

"చెబుతాన్లే," అన్నాను.

"ఆయ్," అని చెప్పులేసుకున్నాడు. ఎప్పుడని అడగలేదు.