దుకాణం కార్డు, బైండింగ్ వైరు సంతకం

బ్యాంకు నన్ను వద్దంది. ఉల్లిగడ్డలమ్మే దుకాణం రమ్మంది. ఖతర్‌లో నేను డబ్బు దాచుకున్న కథ ఇంతే, మిగతాదంతా సంతకం గొడవ.

అప్పటికి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఇంకా చాలా ఏళ్ల దూరంలో ఉంది. అల్ ఖోర్ దగ్గర స్టేడియానికి పునాదులు వేస్తున్నారు. నేను అక్కడ స్టీల్ ఫిక్సర్‌ని, అంటే ఇనుప కడ్డీలు వంచి వైరుతో కట్టేవాణ్ని. ఆ స్టేడియం పైకప్పు మీట నొక్కితే తెరుచుకుంటుందనీ, మళ్లీ నొక్కితే మూసుకుంటుందనీ ఫోర్‌మన్ ఫోన్‌లో బొమ్మ చూపించాడు. ఎండ ఎక్కువైతే మూస్తారట. ఎండలో నిలబడే విన్నాం.

జీతాలు బ్యాంకులోనే వేయాలన్న రూలు అప్పటికి మనుషుల్ని సప్లై చేసే మా కంపెనీ దాకా రాలేదు. రిజిస్టర్లో బొటనవేలు వేయించుకుని కవరు చేతికిచ్చేవారు. క్యాంప్ గదిలో ఎనిమిది మందిమి. పెట్టెలో డబ్బుంటే అడిగేవాళ్లుంటారు. లేదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు, కానీ రోజూ చెప్పాలంటే విసుగు. అందుకని ఒకసారి మెడికల్ కోసం దోహా తీసుకొచ్చినప్పుడు అల్ సద్‌లో ఒక బ్యాంకులోకి పోయాను. కుర్చీ వేశారు, చల్లటి నీళ్లిచ్చారు, నా జీతానికి ఖాతా రాదని మర్యాదగా చెప్పి పంపించారు.

బయట కంపెనీ బస్సులో డ్రైవర్ భాయ్ ఉన్నాడు. కోరుట్ల వైపు సాయిబు, మా గదిలోనే ఉండేవాడు, నాకన్నా పదిహేనేళ్లు చిన్న.

"బ్యాంకోడు ఏమిచ్చిండు కాకా?"

"నీళ్లిచ్చిండు."

"ఫులూస్ తీసుకోలేదా మరి?"

"మన పైసలు ఆయనకు సరిపోవట."

"నీకెందుకు బ్యాంకు? దుకాణపోళ్ల కార్డు తీస్కో. నువ్వు పైసలిస్తే అండ్ల నింపుతరు. ఏ షాపులనన్న గీకు, మిషన్ల నుంచి తియ్యి. ఉప్పు, పప్పు కొనేటోణ్ని జీతమెంత అని ఎవడడుగుతడు?"

అదే రోజు ఆ పెద్ద దుకాణానికి తీసుకుపోయాడు. ఫారం నింపింది భాయే. కింద సంతకం గడి దగ్గర కలం నా చేతికిచ్చి, నా మొహం చూసి, మళ్లీ తనే తీసుకున్నాడు. "నీ పేరే కదా పెట్టేది, నా పేరు కాదు గదా" అని గీసేశాడు. ముందు పెద్ద కొక్కెం, మధ్యలో రెండు చుట్లు, కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. నా పేరు అంత షోకుగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. కౌంటర్‌లో అమ్మాయి నన్ను సర్ అంది. ఖతర్‌లో ఆ మాట నాతో అన్నది ఆ దుకాణమొక్కటే.

ఫోన్‌లో చెబితే నా భార్య నవ్వింది. ఆమె బీడీలు చుడుతుంది. పీఎఫ్ పుస్తకం ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, తన పేరు తాను రాసుకుంటుంది.

"దుబాయ్ పోయి కిరాణం కొట్ల దాసినవా పైసలు?" అంది, మా ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. "రేపు వాళ్లు దుకాణం మూస్తే ఏమిస్తరు, బియ్యమా?"

రెండేళ్లు నింపాను. ఇంటి మీద స్లాబ్ వేయాలని. ఊళ్లో మాది గూన పెంకుల ఇల్లు, ప్రతి వానకూ గిన్నెలు పెట్టాలి. సెలవు మంజూరైందని చెప్పిన మర్నాడే ఆమె మనుషుల్ని పెట్టి పెంకులన్నీ దించేసింది. నన్ను అడగలేదు. అడిగితే ఆగమంటానని తెలుసు.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. కార్డు వెనక ఒక తెల్ల పట్టీ ఉంటుంది. అది రెండేళ్లు ఖాళీగానే ఉంది. మిషన్లో పెట్టి నంబరు నొక్కితే సరిపోయేది, వెనక్కి తిప్పి ఎవరూ చూడలేదు. సెలవు దగ్గర పడ్డాక, విమానం ఎక్కేముందు అన్నీ సక్రమంగా ఉండాలని, టైమ్‌కీపర్ దగ్గర ఇంకు ప్యాడ్ తీసుకుని ఆ పట్టీ మీద బొటనవేలు వేశాను. కంపెనీ రిజిస్టర్లో చెల్లిన వేలు కార్డు మీద చెల్లదా అనుకున్నాను.

ఆ శుక్రవారం దోహా పోయి, ఉమ్ ఘువైలినాలో అదే దుకాణం బ్రాంచిలో దుప్పట్లు, ఫ్లాస్కు కొన్నాను. మిషన్ మొరాయిస్తే క్యాషియర్ కార్డు తుడుద్దామని వెనక్కి తిప్పాడు. సూపర్‌వైజర్‌ను పిలిచాడు. ఆయన మలయాళీ, చాలా శుభ్రమైన మనిషి. నా వేలిముద్రను మురికి అనుకున్నాడో మోసం అనుకున్నాడో, కత్తెర తెప్పించి కార్డును రెండు ముక్కలు చేశాడు. డబ్బు ఎక్కడికీ పోదనీ, పాత ఫారంలో ఉన్న సంతకమే ఇక్కడా పెడితే కొత్త కార్డు వెంటనే ఇస్తాననీ అన్నాడు.

చేతికి దెబ్బ తగిలిందని, వచ్చే శుక్రవారం వస్తానని చెప్పాను. విమానం ఆ తర్వాతి ఆదివారం.

క్యాంప్‌కు రాగానే భార్య ఫోన్.

"మొగులైంది, వాన పడేటట్టున్నది. సామానంత మా తమ్ముని కొట్టంల పెట్టిన. తునికాకు తడిస్తే బీడీ కంపెనోడు ముట్టడు. నువ్వు పైసలు పట్టుకొనే దిగుతున్నవ్ గదా?"

"దిగుతున్న."

"దుకాణపోళ్లు మంచిగనే ఉన్నరా?"

"మంచిగనే ఉన్నరు" అన్నాను.

భాయ్ అప్పటికి ఉద్యోగం వదిలేసి కోరుట్లలో ఆటో నడుపుతున్నాడు. ఫోన్ చేశాను.

"నా సంతకం ఎట్ల పెట్టాలె?"

"నీ సంతకం నన్నడుగుతవేంది కాకా?"

"పెట్టింది నువ్వు గదా."

ఆటో పక్కకు ఆపుతానన్నాడు. తర్వాత కాగితం మీద రాసి, ఫోటోలు తీసి మూడు పంపించాడు. మూడూ మూడు రకాలు. "ఆ రోజు చెయ్యి అట్ల తిరిగింది కాకా, నాకే మల్ల వస్తలేదు" అన్నాడు.

పెట్టె అడుగున ఫారం నకలు దొరికింది. దాన్ని చూసి రాయబోతే కలం నా మాట వినలేదు. కడ్డీలు వంచిన చేతికి కలం పుల్లలాంటిది. రెండు రోజులు కాగితాలు చించాక నాకొచ్చిన పనే చేశాను. బైండింగ్ వైరు తెచ్చి, నకలు మీద పెట్టి, కొక్కెం కొక్కెంగా వంచాను. కొక్కేలు వంచడం ముప్పై ఏళ్ల పని. సంతకం ఇనుములో పది నిమిషాల్లో తయారైంది. తర్వాత ఆ వైరు మీద వేలు నడిపించాను, వేలికి దారి తెలిశాక కలం నడిపించాను. డ్యూటీ నుంచి రాగానే అదే పని.

"కాకా దోస్తురాలికి ఉత్తరం రాస్తుండు" అన్నాడు పై మంచం మీది నిజామాబాద్ మనిషి.

"నీ పెండ్లానికే రాస్తున్న, నిద్రపో" అన్నాను.

శుక్రవారం కౌంటర్‌లో నేపాలీ అమ్మాయి ఉంది. పాత ఫారం తీసి, కొత్త ఫారం నా ముందుకు తోసింది. కొక్కెం, రెండు చుట్లు, గీత, రెండు చుక్కలు పెట్టాను. తేడా వెంట్రుకంత కూడా లేదు. ఆమె రెండూ పక్కపక్కన పెట్టి చూసి, నన్ను చూసింది.

"అంకల్, యే తో ఫోటోకాపీ హై" అంది.

సూపర్‌వైజర్ వచ్చాడు. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి లైటు వైపు ఎత్తాడు. ఎవరి సంతకమూ రెండుసార్లు ఇలా రాదన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. నిజం చెబుదామా అనుకున్నాను. చెబితే మొదటి సంతకం ఎవరిదని అడుగుతాడు, పెంకుల్లేని ఇల్లు అలాగే ఉండిపోతుంది. కలం తీసుకున్నాను. ఆయన నా చేతినే చూస్తున్నాడు. కొక్కెం పొట్టిదైంది, చుట్లు మూడయ్యాయి, గీత వంకర పోయింది, రెండో చుక్క పెట్టడం మర్చిపోయాను. వారం రోజుల పని మట్టి కొట్టుకుపోయిందనుకున్నాను.

ఆయన చూసి తల ఊపాడు. "హా, అబ్ ఠీక్ హై." సొంత సంతకం ఇలాగే ఉంటుందని ఆ అమ్మాయికి పాఠం చెప్పాడు కూడా. నేనూ తల ఊపాను. పెద్దమనిషి చెబుతుంటే కాదనడమెందుకు.

డబ్బు తీసుకునే దిగాను; వానలు నాకన్నా పది రోజులు ఆలస్యంగా వచ్చాయి, ఆ లోపే స్లాబ్ పడింది. స్లాబ్ పోసిన సాయంత్రం సిమెంటు దుకాణం రసీదు మీద సంతకం పెట్టాను. నా భార్య ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసింది.

"ఏమని ఉన్నది దీంట్ల?"

"నా పేరు."

"చదువు."

చదవలేకపోయాను. ఆ రాత్రికే బీడీల లెక్క రాసే నోటుపుస్తకం వెనక పేజీలో అ ఆ లు వేసి నా ముందు పెట్టింది. స్లాబ్ కింద సెంట్రింగ్ కర్రలు తీయడానికి మూడు వారాలు పట్టింది. అప్పటికి అచ్చులు వచ్చాయి. హల్లులు సగంలో ఉండగా సెలవు అయిపోయింది.