టర్బో కారులో మా పిన్ని

ఆ రోజుల్లో, అంటే ఎనభైల నడిమధ్యలో, జంషెడ్‌పూర్‌లో కారున్నవాడు గొప్పవాడు. కారు ఇంజను గురించి గంటసేపు మాట్లాడగలిగినవాడు అంతకన్నా గొప్పవాడు. ఆ లెక్కన నేను మహా గొప్పవాణ్ణి. గోవింద్‌పూర్ పక్కన లారీల ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజనీరుగా చేరిన కొత్తలోనే, పరిశీలన కోసమని విదేశం నుంచి ఓ చిన్న టర్బో కారు మా సెక్షనుకి దిగింది. ఇంజను వదిలే పొగతోనే ఓ బుల్లి ఫ్యాను తిరిగి, గాలిని ఇంజనులోకి కూరి కూరి పంపుతుంది. మెత్తగా తొక్కితే పొదుపు, గట్టిగా తొక్కితే పులి! (ఈ ముక్క అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి.) ట్రైనీలందరూ తలా ఒకసారి నడపాలి, ఎక్కువ మైలేజీ తీసినవాడికి టెస్ట్ డ్రైవింగులో సీటు అన్నారు మా పెద్దసారు. ఆ సీటు మీద బెంగతో నాకు అన్నం సయించలేదు.

"రోజ్ జైసా చలానా, లోడ్ కే సాథ్" అంటూ సారు తాళం ఇచ్చారు. రోజూ నడిపినట్టే నడపాలి, బరువు వేసుకుని. లారీలకైతే ఇసుక బస్తాలు వేసేవాళ్ళం. అంత ముద్దొచ్చే కారులో బస్తాలేమిటని నేను బిర్సానగర్ వెళ్ళి మా పిన్నినీ చిన్నాన్ననీ ఎక్కించాను. పలాసలో కూతురికి రెండో కాన్పు, ఇవాళో రేపో అని కబురొస్తే రైలుకి బయల్దేరుతున్నారు. ఇద్దరు మనుషులు, బొంతలు, ఓ ఆవకాయ జాడీ. ఇంతకన్నా మంచి లోడు ఎక్కడ దొరుకుతుంది?

నేను యాక్సిలరేటర్‌కి నొప్పి పుడుతుందేమో అన్నంత మెత్తగా తొక్కుతున్నాను. ఓ సైకిల్ రిక్షా గంట కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయింది.

"ఏట్రా, ఇది కారా ఎడ్లబండా? రైలెల్లిపోతాది!" అంది పిన్ని.

"ఇలాగెల్తేనే పెట్రోలు మిగుల్తాది పిన్నీ. దీని టెక్నాలజీ ఏటంటే..."

"నీ టెక్నాలజీ తగలెయ్య! అక్కడ పిల్ల అమ్మా అమ్మా అని ఏడుత్తుంటే, నువ్వు పెట్రోలు దాసుకుంతావేట్రా?"

కోప్పడుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకిక మనసొప్పలేదు, కసిగా తొక్కేశాను. ఒక్క క్షణం కారు ఆలోచించింది. ఆ తర్వాత ఇంజన్లోని ఆ బుల్లి ఫ్యాను నుంచి సన్నటి ఈల! వీపులు సీట్లకి అతుక్కుపోయాయి. ఓహో, ఏం ఈల అది, ఒళ్ళంతా పులకరించిపోయింది! "ఓలమ్మో! ఓలమ్మో!" అంటూనే పిన్ని "ఇంకా తొక్కరా!" అని నా భుజం చరిచింది. బాగ్‌బేరా మలుపులో జాడీ ఒరిగి, ఆవకాయ నూనె విదేశీ సీటంతా పాకింది. స్టేషన్లో చిన్నాన్న కదులుతున్న రైల్లోకి పిన్నిని తోసి, తనూ ఎక్కేశాడు.

నా మైలేజీ అందరికన్నా అధ్వాన్నం. పెద్దసారు తలుపు తీసి, వాసన చూసి, "రోజ్ జైసా బోలా థా నా?" అన్నారు.

"హమారే ఘర్ మే రోజ్ ఐసా హీ హై, సార్" అన్నాను, మా ఇంట్లో రోజూ ఇంతేనని. ఆయన పడీ పడీ నవ్వారు గాని, సీటు మాత్రం మెత్తగా తొక్కినవాడికే ఇచ్చారు. చాలా రోజులు కుళ్ళుకున్నాను.

ఇప్పుడు నా చిన్న కారుకీ టర్బో ఉంది. లీటరుకి ఎంతొస్తోందో చెప్పే అంకె మీదే కళ్ళు పెట్టుకుని, పొదుపుగా, బుద్ధిమంతుడిలా నడుపుతాను. తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు ఆ కుర్రాడి బదులు ఇప్పటి నేనే స్టీరింగు పట్టుకుని ఉంటే, టెస్ట్ డ్రైవింగు సీటు నాకే వచ్చేది. మా పిన్ని మాత్రం పురిటికి అందేది కాదు.