వేలికి అందని బటన్

మా ఆఫీసులో ఆవిడ సంతకం లేనిదే ఏ యాప్ బయటికి వెళ్లదు. మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆవిడ ఉద్యోగం. టైపిస్టు పని పోయాక, నలభై ఐదేళ్ల వయసులో ఈ విద్య నేర్చుకుని మరీ వచ్చింది. వెనకాల అందరం చాదస్తం అక్క అనేవాళ్లం. ఎదురుగా మాత్రం ఉత్త అక్కే. భయం కదా!

ఆవిడ సొరుగు నిండా పాత ఫోన్లే. అద్దం పగిలినవి, చార్జింగ్ నిలవనివి, నాలుగుసార్లు నొక్కితే గానీ పలకనివి. "జనం చేతుల్లో ఉండేవి ఇవేరా" అనేది.

ఆ శుక్రవారం నాకు ఒళ్లు మండిపోయింది. ఒక ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకునేవాళ్ల కోసం యాప్ చేశాం. వారానికి మూడుసార్లు వచ్చే ఆ రోగులు తమ వంతును అందులోనే ఖాయం చేసుకోవాలి. లేకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. సోమవారం నుంచి ఫోన్ చేసి వంతు అడిగే పద్ధతి ఎత్తేస్తున్నారు. అన్నీ సిద్ధం చేశాక అక్క సంతకం పెట్టనంది.

"ఎందుకు పెట్టవక్కా? ఫోన్ సైజులో కూడా చూశాను!" అని అరిచాను.

"ఎక్కడ చూశావు?"

"నా కంప్యూటర్లోనే, విండో చిన్నది చేసి."

అక్క పగిలిన ఫోనొకటి నా చేతిలో పెట్టింది. "ఏదీ, నువ్వే ఒక వంతు ఖాయం చెయ్యి."

తేదీ నొక్కాను. ఏమీ రాలేదు. గట్టిగా నొక్కాను. పక్కన నొక్కాను. ఓరి నాయనో! మౌస్ బాణం తేదీ మీదికి వెళ్లినప్పుడే 'ఖాయం' బటన్ కనబడేలా రాశాను. ఫోన్లో బాణమెక్కడిది? మూడు నెలలు కూర్చుని రాసినవాణ్ణి, నాకే వంతు దొరకలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నీకు మళ్లీ మళ్లీ నొక్కే ఓపికుంది. వాళ్లకుండదు" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

శని, ఆదివారాలు ఇద్దరం కూర్చున్నాం. నేను సరిచేయడం, ఆవిడ వంక పెట్టడం. బటన్ ఎప్పుడూ కనబడేలా చేస్తే అక్షరాలు చిన్నవంది. పెద్దవి చేస్తే బొటనవేలికి అందడం లేదంది.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నావక్కా!"

"పీకనీ. దొరికితే నీకే మంచిది."

ఆదివారం సాయంత్రం సొరుగులోని ఫోన్లన్నిట్లోనూ వరసగా నొక్కి చూసి సంతకం పెట్టింది.

సోమవారం పొద్దున్నే నన్ను ఆసుపత్రి వరండాకు లాక్కెళ్లింది. చేతికి కట్టుతో బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన బుధవారం వంతు కోసం ఫోన్ తీశాడు. తేదీ నొక్కాడు, ఖాయం నొక్కాడు, ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇబ్బందేమైనా అయిందా బాబాయ్?" అనడిగింది అక్క.

"ఇందులో ఏముందమ్మా? చిన్నపిల్లాడైనా చేస్తాడు. దీనికి మళ్లీ పెద్ద పెద్ద ఆఫీసులా!"

నాకు రోషం పొడుచుకొచ్చింది. ఆవిడ పడ్డ పాట్లు చెప్పబోయాను. అక్క నా మోచేయి గిల్లింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం నేను చూసింది అదే మొదటిసారి.

"నోరు ముయ్యరా. ఈ మాట వినడానికే వచ్చాను."