తొడిమల షెడ్డులో తెరిచి ఉన్న పోర్టు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక వ్యాపారి షెడ్డులో కంప్యూటర్ ఆపరేటరుగా చేశాను. ఆయనంటే నాకు ఇప్పటికీ ఒళ్ళుమంటే. షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయల తొడిమలు తీసేవారు. ఒళ్ళో కాయలు దాచుకుపోతారని ఆయనకు అనుమానం. అందుకని కెమెరాలు పెట్టించాడు. మంట తట్టుకోలేక వాళ్ళు పక్కకెళ్ళి, పైట తీసి కారం దులుపుకునే మూల కూడా వాటిలో పడేది.

ఒకరోజు నెట్ నత్తనడక నడుస్తోందని రౌటర్ సెట్టింగులు తెరిచాను. కెమెరా పెట్టినవాడు 554 అనే పోర్టును, అంటే నెట్‌లో రాకపోకలకు ఉండే తలుపు లాంటిదాన్ని, బయటికి తెరిచి పెట్టాడు. బ్రాడీపేటలో కోర్సు చేసేటప్పుడు 80 వెబ్ పేజీలకు, 25 మెయిల్‌కు అని బట్టీ పట్టానే గానీ ఇది గుర్తు లేదు. నెట్‌లో వెతికితే వీడియో ప్రసారానికి అని ఉంది. నా ఫోన్లో వైఫై తీసేసి, మొబైల్ డేటాతో వీడియో ప్లేయర్‌లో షెడ్డు నెట్ అడ్రసు, పక్కన ఆ నంబరు కొట్టాను. పాస్‌వర్డ్ కూడా అడగలేదు. పైట దులుపుకుంటున్న ఒకామె కనబడింది.

ఫోను పట్టుకెళ్ళి యజమానికి చూపించాను.

"ఊళ్ళో ఎవడైనా చూడొచ్చండీ ఇది. మూయించండి."

"ఆ కూలోళ్ళని ఎవడు చూస్తాడమ్మాయ్? మూస్తే నేను ఇంటి దగ్గర్నుంచి ఎట్టా చూడాలి?"

దున్నపోతు మీద వాన కురిసినట్టే.

"మీ ఇంట్లో కెమెరాలు పెట్టింది కూడా అతనేగా అండీ?" అన్నాను.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పటికప్పుడు ఫోన్ చేసి కెమెరా అతణ్ణి ఇంటికి తరిమాడు. "ఒరేయ్, ఆడోళ్ళు తిరిగే ఇల్లురా అది!" అని అరుపులు. సాయంత్రానికల్లా ఇంటిది మూయించాడు. షెడ్డు సంగతి అడిగితే, సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. సిగ్గులేని మనిషి.

మర్నాడు పొద్దున్నే నేనే మూసేశాను. కాసేపటికి ఇంటి నుంచి ఫోను.

"బొమ్మ రావట్లేదేంటి?"

"పోర్టు మూసేశానండి."

"ఎవర్నడిగి మూశావ్?"

"మీరు ఎవర్నడిగి తెరిచారు?"

రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడు. రేపటిదాకా ఎందుకని అప్పుడే బ్యాగు సర్దుకున్నాను. నేను గడప దాటగానే ఇంకొకణ్ణి పిలిచి మళ్ళీ తెరిపిస్తాడని తెలుసు. అందుకే తిన్నగా షెడ్డులోకి వెళ్ళి, పని ఆపించి, జరిగిందంతా చెప్పాను. పోర్టు అంటే ఏంటో ఎవరూ అడగలేదు. ఎవరెవరు చూశారని ఒకామె అడిగింది. తెలియదన్నాను. ఆమె ఒళ్ళో కాయలు కింద పారబోసి, పైనున్న కెమెరా వైపు చూస్తూ లేచింది.

"నిచ్చెన ఎక్కడుందే అమ్మాయ్?" అంది.

చూపించాను.