నర్సుకి జొరమేటి?

ఈ రోజు మా రబ్బరుతోట ఆసుపత్రిలో, నేను పనిచేసే వార్డులోనే రోగినై పడుకున్నాను.

రాత్రి డ్యూటీ దిగేసరికే ఒళ్ళు కాలిపోతోంది. సెలవు అడిగితే, పగటి డ్యూటీ కూడా నన్నే చెయ్యమన్నాడు మా డ్రెస్సరు. పట్నం నుంచి డాక్టరు వచ్చే రోజు తప్ప ఇక్కడ ఆయనదే పెత్తనం.

"నర్సుకి జొరమేటి? నువ్వు తొంగుంటే వార్డు ఎవులు సూస్తారు?"

నేను టోపీ తీసేసి, ఖాళీ మంచం ఎక్కి దుప్పటి కప్పుకున్నాను. ఆయన పరుగున వచ్చాడు.

"ఏటిది నర్సమ్మా, లెగు!"

"జొరమొచ్చినోలు మంచం దిగకూడదని రోజూ సెప్పేది తమరే గదండీ. నాది జొరం కాదేటి?"

పక్క మంచం మీది అప్పలమ్మ, రబ్బరు చెట్లు గీసి పాలు తీసే మనిషి, "బాగా అడిగినావు!" అంది. వార్డంతా నవ్వింది.

చివరికి క్వినైను ఆయనే తెచ్చాడు. చేదని ఉమ్మేస్తారేమోనని, మింగిన ప్రతి కూలీ నోరూ తెరిపించి నాలుక కింద చూడాలన్నది ఆయన పెట్టిన నియమమే. నేను మింగి, అడగకముందే నోరు బార్లా తెరిచాను. అందరూ చూస్తుండగా ఆయన వంగి చూడక తప్పలేదు.

మిగతా తోటల నర్సమ్మలూ, మీకు జ్వరమొస్తే ఏం చేస్తున్నారో చెప్పండి. రేపు వార్డు ఎవరు చూస్తారో నాకూ చూడాలనే ఉంది. ఈ మంచం మీద నుంచి బాగా కనబడుతుంది.