చెమట పట్టని పూట

లాండ్రీలో అతన్ని అందరూ కుళాయి బాబాయి అనేవారు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడిన పది నిమిషాలకే ముక్కు చివర నుంచి చుక్కలు మొదలయ్యేవి. గంజి పెట్టిన తెల్ల దుప్పటి మీద చుక్క పడి, దాని మీదుగా వేడి పెట్టె పోయిందా, పచ్చటి మరక తేలినట్టే. ఆ మరకను పట్టుకునేది ఎవరో కాదు, కట్టుకున్న భార్యే. ఇస్త్రీ అయిన దుప్పట్లను చూసి, మడతపెట్టి పంపడం ఆవిడ పని. మొగుడన్న మొహమాటం లేకుండా మరక దుప్పటిని తీసి మళ్లీ ఉతుకుడు తొట్టిలో పడేసేది.

"పన్నెండేళ్లుగా ఇదే గోల! తలకి గుడ్డ కట్టుకోవయ్యా అంటే వినవు కదా."

"కట్టానే తల్లీ! గుడ్డ కూడా కారుతోంది."

ఇంకొక్క మరక కనిపిస్తే బల్ల వదిలి నానబెట్టే తొట్ల దగ్గరికి పొమ్మని కిందటి వారం యజమాని తేల్చి చెప్పేశాడు. అప్పటినుంచి అతనికి కాలు నిలవలేదు. పెట్టె పట్టుకుంటాడు, వదిలేస్తాడు, నుదురు తడుముకుంటాడు. వంగి దుప్పటిని చూస్తాడు, మళ్లీ తడుముకుంటాడు. అతని అవస్థ చూడలేక పక్క బల్ల మీద పనిచేసే బావమరిది ఉపాయం చెప్పాడు.

"నీళ్లు తాగితేనే కదా బావా కారేది? మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోకు."

తెల్లబట్టలున్న రోజున అలా నోరు కట్టేసుకోవడం ఆ షెడ్డులో పాత అలవాటే. పిచ్చి అలవాటు! దాన్ని తప్పని చెప్పినవాడు ఒక్కడూ లేడు.

ఆ రోజు పొద్దున్నుంచి అతను గుక్కెడు నీళ్లు ముట్టలేదు. రేకుల కప్పు కాగిపోతోంది. నీళ్ల డ్రమ్ము దాకా వెళ్తాడు, మూత మీద చెయ్యి వేస్తాడు, వెనక్కి వస్తాడు. పదకొండింటికి చుక్కలు తగ్గాయి. పన్నెండింటికి పూర్తిగా ఆగిపోయాయి. నుదురు రుద్దుకుంటే పొడిపొడిగా తగిలింది.

"చూశావటే? ఒక్క చుక్క లేదు!"

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది నీ ఒంటికి," అని ఆవిడ మురిసిపోయింది.

కాసేపటికి అతను ఇస్త్రీ అయిన దుప్పటినే మళ్లీ ఇస్త్రీ చేయసాగాడు. ఆవిడ దాన్ని లాక్కోబోయి అతని చెయ్యి తగలగానే ఉలిక్కిపడింది.

"ఏమయ్యా, ఒళ్లు కాలిపోతోందేంటి!"

"పెట్టె వేడేలే. పో అవతలికి," అని కసిరి, బల్ల పట్టుకుని అలాగే కిందికి జారిపోయాడు.

పక్క వీధి ఆస్పత్రిలో నర్సు అతని చొక్కా విప్పి, తడి దుప్పటి కప్పి, ఫ్యాన్లు పెట్టి, చేతికి సెలైన్ ఎక్కించింది.

"చెమట పట్టకపోతే మంచిదే అనుకున్నామమ్మా," అంది భార్య.

నర్సుకు ఒళ్లు మండింది. "ఏం మంచిదమ్మా! చర్మం కింద చెమట గ్రంథులు లక్షల్లో ఉంటాయి, చుట్టలు చుట్టుకున్న సన్నటి గొట్టాల్లా. ఒళ్లు వేడెక్కితే మెదడు వాటికి కబురు పెడుతుంది. అవి రక్తంలోంచి ఉప్పునీళ్లు తోడి పైకి పంపుతాయి. ఆ నీళ్లు ఆరిపోతూ వేడిని లాక్కుపోతాయి. లోపల నీళ్లే లేకుండా చేస్తే అవి మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాయి? చెమట ఆగిందంటే ప్రాణం మీదికొచ్చిందన్నమాట!"

భార్య ఇక కూర్చోలేకపోయింది. అతని మొహం పొడిగా తుడవడం, వంగి చూడడం, మళ్లీ తుడవడం. మంచం చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో ఆవిడకే తెలియదు. నర్సు విసుక్కున్నా వినలేదు.

మూడింటికి అతని పైపెదవి మీద సూదిమొనంత చుక్కలు లేచాయి. నీళ్లేమోనని తుడిచేసింది. మళ్లీ లేచాయి.

"పట్టింది! సిస్టర్, చెమట పట్టింది!" అని కేకపెట్టి భోరున ఏడ్చేసింది.

ఆ కేకకు అతను కళ్లు సగం తెరిచాడు. ఒంటి మీది దుప్పటిని కంగారుగా తడుముతూ, "మరక పడిందా?" అని అడిగాడు.

ఆవిడ ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.